హెరాక్లీస్ పన్నెండు పనులు ఎందుకు చేయాల్సి వచ్చింది?

హెర్క్యులిస్ పేరు తెలియని ఊరు మన దగ్గర దాదాపు ఉండదు. సైకిళ్ల మీద చూశాం, జిమ్ గోడల మీద చూశాం, పిల్లల బొమ్మల పుస్తకాల్లో సింహంతో కుస్తీ పడుతున్న కండల వీరుడిగా చూశాం. రోమన్లు అతన్ని అలా పిలిచారు, గ్రీకులకు అతను హెరాక్లీస్. ఎవరి వల్లా కాని పన్నెండు పనులు చేశాడని కూడా చాలామందికి తెలుసు. కానీ ఎందుకు చేశాడు అని అడగండి, రాజు చెప్పాడనో, పేరు కోసమనో, దేవుడి కొడుకు కాబట్టి చేశాడనో సమాధానం వస్తుంది. చాలా పాత కథనాల్లో ఉన్న అసలు కారణం వేరు. అతను తన సొంత పిల్లల్ని తన చేతులతోనే చంపుకున్నాడు. ఆ పాపం కడుక్కోవడానికి ఇచ్చిన శిక్షే ఆ పనులు.

పిల్లల పుస్తకాల్లో ఆ ముక్క తీసేశారంటే అర్థం చేసుకోవచ్చు. పెద్దవాళ్లకు చెప్పే వ్యక్తిత్వ వికాసం పాఠాల్లో కూడా దాని ఊసే ఉండదు, నాకు బాధ కలిగించేది అదే. పన్నెండు పనుల్ని పన్నెండు విజయసూత్రాలుగా మార్చి, సింహం అంటే భయం, చాలా తలల పాము హైడ్రా అంటే చెడు అలవాట్లు, పశువుల కొట్టం కడగడం అంటే టైమ్ మేనేజ్‌మెంట్ అని చెప్పుకుంటూ పోతారు. అలా చెబితే కథ తేలికైపోతుంది, కానీ ఆ కథ ఎవరికి అవసరమో వాళ్లకు అందకుండా పోతుంది. చేయకూడనిది చేసేసి, దాన్ని వెనక్కి తీసుకోలేక, తెల్లారితే మళ్లీ లేచి బతకాల్సిన మనిషి గురించి గ్రీకులు చెప్పుకున్న కథ ఇది. బలం అందులో ఉంది నిజమే, కానీ ఆ మనిషిని నాశనం చేసింది కూడా ఆ బలమే.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. హెరాక్లీస్ కథ ఇదీ అని చెప్పే ఒక్క మూలగ్రంథం లేదు. హోమర్ ఇతిహాసాల్లో అక్కడక్కడా ప్రస్తావనలు ఉన్నాయి, గ్రీకు కవి పిండార్ పాటల్లో కొన్ని ఘట్టాలు ఉన్నాయి, క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ నాటకకర్తలు యురిపిడీస్, సోఫోక్లీస్ తమకు కావలసిన భాగం తీసుకుని తమకు తోచినట్టు మలిచారు. మొదటి నుంచి చివరి దాకా వరసగా మనకు దొరికే కథనం అపోలోడోరస్ పేరు మీద ఉన్న ఒక సంకలనంలోది, అది క్రీ.శ. 1, 2 శతాబ్దాల నాటిదని పండితుల అంచనా, అంటే హోమర్ తర్వాత ఏడెనిమిది వందల ఏళ్లకు రాసింది. మనకిది కొత్తేమీ కాదు. వాల్మీకిలో కనిపించని ఊర్మిళ నిద్ర మన ఆడవాళ్ల పాటల్లో ఒక పెద్ద కథ. ఏ చెప్పరి ఏ సంఘటనను ముందు పెట్టాడు, దేన్ని తర్వాతకు నెట్టాడు అన్నదాన్ని బట్టి కథ మనకు చెప్పే మాట మారిపోతుంది. హెరాక్లీస్ విషయంలో ఇది మరీ ఎక్కువగా జరిగింది.

అందరూ ఒప్పుకునే భాగం కొంత ఉంది. తల్లి ఆల్క్‌మీనా మనిషే, తండ్రి దేవతల రాజు జ్యూస్. ఆమె భర్త ఆంఫిట్రియాన్ రూపంలో జ్యూస్ వచ్చాడు, కాబట్టి ఆమెకు మోసం తెలియదు. జ్యూస్ భార్య హీరాకు పుట్టబోయే బిడ్డ మీద పగ. ఈ రోజు నా వంశంలో పుట్టేవాడు చుట్టుపక్కల అందరినీ ఏలుతాడని జ్యూస్ గొప్పగా ప్రకటిస్తే, హీరా ఆయన చేత ఒట్టు వేయించి, ఆల్క్‌మీనా కాన్పు ఆపి, ఇంకో బంధువుల ఇంట్లో ఏడో నెలలోనే బిడ్డ పుట్టేలా చేసింది. ఆ బిడ్డ యూరిస్థియస్. ఈ మెలిక హోమర్ ఇలియడ్‌లోనే ఉంది. తనకంటే అన్ని విధాలా తక్కువైన మనిషి కింద హెరాక్లీస్ ఊడిగం చేయాల్సి రావడం పుట్టకముందే రాసిపెట్టి ఉందన్నమాట. ప్రతిభకీ పదవికీ పొంతన ఉండదన్న సంగతి గ్రీకులు దాచుకోలేదు, తమ అందరికంటే గొప్ప వీరుడి కథకు దాన్నే పునాదిగా వేశారు.

ఉయ్యాలలో రెండు పాముల్ని పిసికి చంపిన కథ అందరికీ తెలుసు. దాని కంటే లైనస్ కథ నాకు ముఖ్యమనిపిస్తుంది. లైనస్ అతని సంగీతం గురువు, ఒకరోజు కొట్టాడు, కుర్రాడు కోపంతో వీణలాంటి ఆ వాద్యంతోనే తిరిగి కొట్టాడు, గురువు చచ్చిపోయాడు. విచారణ జరిగితే ఆత్మరక్షణ చట్టం చెప్పి హెరాక్లీస్ బయటపడ్డాడు. అయినా ఆంఫిట్రియాన్‌కు భయం పట్టుకుని, మళ్లీ ఇలాంటిదే చేస్తాడేమోనని పశువుల మందల దగ్గరకు పంపేశాడు. అంటే తర్వాత అతను పిల్లల్ని చంపిన పిచ్చి ఒక్కసారిగా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ చేతుల్లో అదుపు తప్పే గుణం ఉందని ఇంట్లోవాళ్లకు ముందే తెలుసు.

పెద్దవాడయ్యాక థీబ్స్ నగరాన్ని శత్రువుల నుంచి కాపాడాడు, రాజు క్రియాన్ తన కూతురు మెగారానిచ్చి పెళ్లి చేశాడు, పిల్లలు పుట్టారు. అప్పుడు హీరా పిచ్చి ఎక్కించింది. అపోలోడోరస్ రెండు మూడు వాక్యాల్లో చెప్పేస్తాడు: తన పిల్లల్నీ, తమ్ముడు ఇఫిక్లీస్ పిల్లల్లో ఇద్దర్నీ మంటల్లోకి విసిరేశాడు. తెలివి వచ్చాక తనకు తానే దేశబహిష్కారం విధించుకున్నాడు.

పిచ్చి దేవత పంపింది కదా, మరి తప్పు అతనిది ఎలా అవుతుంది అని మనకు అనిపిస్తుంది. గ్రీకుల ఆలోచన వేరే దారిలో నడిచింది. నెత్తురు చిందితే చిందించిన చేతికి ఒక మైల అంటుతుంది, ఉద్దేశం ఏమిటన్నది దానికి పట్టదు. ఆ మైల ఉన్నవాడు గుడిలోకి రాకూడదు, పంక్తిలో కూర్చోకూడదు, పక్కవాళ్లకు కూడా అది అంటుకుంటుందని భయం. బ్రహ్మహత్యా పాతకం ఇంద్రుణ్ణి వెంటాడిన కథలు తెలిసిన మనకు ఇది అంత వింతగా ఉండదు. నేరం చేశావా లేదా అన్నది ఒక ప్రశ్న, జరిగిపోయినదాన్ని మోస్తూ ఎలా బతుకుతావు అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి నిర్దోషి అని తీర్పు వచ్చినా రెండోది మిగిలే ఉంటుంది. డ్రైవింగ్ చేస్తుంటే ఎదురుగా పసివాడు పరిగెత్తుకొచ్చి పోయాడు, పోలీసులు మీ తప్పేం లేదన్నారు, ఆ మనిషికి ఆ రాత్రి నిద్ర పడుతుందా? గ్రీకులు ఈ రెండో ప్రశ్నకు ఒక పద్ధతి పెట్టుకున్నారు: శుద్ధి చేయించుకో, ఊరు విడిచిపో, దేవుణ్ణి అడుగు, చెప్పిన పని చెయ్యి. హెరాక్లీస్ డెల్ఫీలో జోస్యం చెప్పే అపోలో దేవుడి గుడికి వెళ్లి అడిగాడు. టిరిన్స్ నగరానికి వెళ్లి పన్నెండేళ్లు యూరిస్థియస్‌కు సేవ చెయ్యి, అతను పెట్టే పది పనులు పూర్తి చెయ్యి, అప్పుడు నీకు మరణం లేని స్థితి వస్తుంది అని పూజారిణి చెప్పింది.

అవును, పది పనులే. పన్నెండు ఎలా అయ్యాయో చూస్తే అందులోనే ఒక మంచి విషయం దాగి ఉంది.

రెండో పని లెర్నా చిత్తడిలోని హైడ్రా. తొమ్మిది తలల పాము, మధ్య తలకు చావు లేదు, మిగిలిన వాటిలో ఒకటి నరికితే రెండు మొలుస్తాయి. హెరాక్లీస్ గద తీసుకుని బాదుతూ పోయాడు, తలలు పెరుగుతూ పోయాయి, పైగా ఒక పెద్ద పీత వచ్చి కాలు పట్టుకుంది. ఎంత బలం వాడితే అంత నష్టం జరిగే చోటు అది. అప్పుడు అతను కేక వేసి తమ్ముడు ఇఫిక్లీస్ కొడుకు ఇయోలాస్‌ను పిలిచాడు. ఇయోలాస్ పక్కనున్న అడవికి నిప్పంటించి, కాలుతున్న కొరకంచులు తెచ్చి, హెరాక్లీస్ తల తీసిన ప్రతిచోటా మెడను కాల్చుకుంటూ వచ్చాడు. కాల్చిన చోట మళ్లీ మొలవలేదు. చావులేని తలను నరికి దారి పక్కన పాతిపెట్టి, మీద పెద్ద బండ ఎత్తారు. ఇది ఒంటరిగా అయ్యే పని కానే కాదు, ఒక చేయి నరకాలి, అదే క్షణంలో ఇంకో చేయి కాల్చాలి. యూరిస్థియస్ మాత్రం, ఇయోలాస్ సాయం చేశాడు కాబట్టి ఇది లెక్కలోకి రాదు పొమ్మన్నాడు.

అయిదోది ఆగియస్ రాజు పశువుల కొట్టాలు ఒక్క రోజులో శుభ్రం చేయడం. ఆల్ఫియస్, పెనియస్ అనే రెండు నదుల్ని తిప్పి ఆవరణలోకి పారించి కడిగేశాడు. అయితే యూరిస్థియస్ పంపాడన్న సంగతి చెప్పకుండా, పశువుల్లో పదో వంతు ఇవ్వాలని ఆగియస్‌తో ముందే బేరం పెట్టుకున్నాడు. నిజం తెలిశాక ఆగియస్ అసలు మాటే ఇవ్వలేదని అడ్డం తిరిగాడు, రాజు సొంత కొడుకు ఫైలియస్ తండ్రికి ఎదురుగా నిలబడి హెరాక్లీస్ తరఫున సాక్ష్యం చెప్పి దేశం నుంచి గెంటించుకున్నాడు. ఇటు యూరిస్థియస్, కూలి తీసుకుని చేశావు కాబట్టి ఇదీ చెల్లదన్నాడు. ఆ రెండింటి బదులు ఇంకో రెండు వచ్చిపడ్డాయి: హెస్పరిడీస్ అనే దేవకన్యల తోటలోని బంగారు ఆపిల్ పళ్లు, పాతాళం కాపలా కుక్క సెర్బరస్. అలా పన్నెండయ్యాయి.

ఒంటరిగా, ఉచితంగా చేస్తేనే అది ఘనత అని లెక్కలు కట్టింది ఎవరో చూడండి. హెరాక్లీస్ తెచ్చిన జంతువుల్ని చూసి భయంతో కంచు జాడీలో దాక్కున్న మనిషి. గ్రీకు కుండల మీద చిత్రకారులు ఈ దృశ్యాన్ని చాలా ఇష్టంగా వేశారు, భుజాన అడవిపందితో హెరాక్లీస్, జాడీలోంచి చేతులూపుతూ రాజు. సాయం తీసుకోవడం చిన్నతనం అన్న మాట కథలో పిరికివాడి నోట వస్తుంది. ఆ మాటను ఇవాళ ఎంతమంది కుర్రాళ్లు తలకెక్కించుకుని, ఎవరికీ చెప్పుకోకుండా టెన్షన్ మొత్తం లోపలే పెట్టుకుని నలిగిపోతున్నారో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. ఇయోలాస్‌ను పిలవకపోతే హెరాక్లీస్ రెండో పని దగ్గరే చనిపోయేవాడు.

మిగిలిన పనుల్లో కూడా అంతే. స్టింఫాలస్ పక్షుల్ని లేపడానికి కంచు తాళాలు దేవత ఎథీనా ఇచ్చింది. ఆపిల్ పళ్లు స్వయంగా కోసింది ఆకాశం మోసే అట్లాస్, ఆ కాసేపు హెరాక్లీస్ ఆకాశం మోశాడు. ఒలింపియాలోని జ్యూస్ ఆలయం క్రీ.పూ. 457 ప్రాంతంలో పూర్తయింది, దాని మీద ఈ పన్నెండు పనుల్నీ చెక్కారు, ముందువైపు ఆరు, వెనకవైపు ఆరు, ఒక్కో పలక ఎత్తు సుమారు 1.6 మీటర్లు. పన్నెండు అన్న లెక్క స్థిరపడటంలో ఆ శిల్పాల పాత్ర చాలా ఉంది. వాటిలో మొదటి పనిని చెక్కిన శిల్పి సింహంతో పోరాటం చూపించలేదు. పోరాటం అయిపోయింది, ఇంకా గడ్డం రాని కుర్రాడు చచ్చిన సింహం మీద కాలు పెట్టి, తల చేతికి ఆనించి అలసటగా నిలబడ్డాడు, ఇంకా పదకొండు మిగిలే ఉన్నాయి. ఆకాశం మోస్తున్న పలకలో అతని మెడ మీద చిన్న మెత్త ఉంది, వెనక ఎథీనా ఒక చేయి పైకెత్తి తానూ కాస్త పట్టుకుంది. ఒలింపిక్ క్రీడలు చూడటానికి వచ్చే వాళ్లందరి కళ్ల ముందు గ్రీకులు పెట్టుకున్న హెరాక్లీస్ ఇతను.

ఇంతవరకు చెప్పిన వరస, పాపం ముందు, ప్రాయశ్చిత్తం తర్వాత, చివర ఫలితం, మనసుకు ఊరటగా ఉంటుంది. యురిపిడీస్ దీన్ని తిరగేశాడు. హెరాక్లీస్ పేరుతోనే ఉన్న అతని నాటకంలో పనులన్నీ అయిపోయాయి. హెరాక్లీస్ పాతాళానికి వెళ్లి తిరిగి రాలేదని, లైకస్ అనే దురాక్రమణదారు థీబ్స్‌ను పట్టుకుని, అతని భార్యాపిల్లల్ని చంపబోతున్నాడు. పిల్లలకు చావు బట్టలు కూడా కట్టేశారు. సరిగ్గా అప్పుడు హెరాక్లీస్ వచ్చి లైకస్‌ను చంపి కుటుంబాన్ని కాపాడతాడు. పిల్లలు బట్టలు పట్టుకుని వదలకపోతే, ఓడ వెనక కట్టిన చిన్న పడవల్లా మిమ్మల్ని లాక్కుపోతాను రండి అంటూ లోపలికి తీసుకెళ్తాడు. ఇంకొకడయితే అక్కడితో ముగించేవాడు.

ఇప్పుడు పిచ్చి దేవత లిస్సా ఇంటి పైకప్పు మీద దిగుతుంది. ఆమెకే ఈ పని ఇష్టం లేదు, భూమినీ సముద్రాన్నీ మనుషులకు నివాసయోగ్యం చేసినవాడి ఇల్లు కూల్చమంటారా అని అడుగుతుంది, నాకు ఇష్టం లేదని సూర్యుణ్ణి సాక్షిగా పిలుస్తుంది, అయినా హీరా ఆజ్ఞ కాబట్టి చేస్తుంది. హెరాక్లీస్‌కు తను యూరిస్థియస్ ఉండే మైసీనీ వెళ్లినట్టు, ఎదురుగా ఉన్నవాళ్లు యూరిస్థియస్ పిల్లలైనట్టు కనిపిస్తుంది. ఒక కొడుకు మోకాళ్లు పట్టుకుని, నాన్నా నేను నీ కొడుకును, యూరిస్థియస్ కొడుకును కాదు అని మొత్తుకుంటాడు. ముగ్గురు పిల్లలూ, మెగారా చనిపోతారు. తండ్రి ఆంఫిట్రియాన్‌ను కూడా చంపబోతుంటే ఎథీనా రొమ్ము మీద బండ విసిరి పడేస్తుంది.

ఇలా తిప్పడంతో ఏం మారిందంటే, ప్రాయశ్చిత్తంగా చేయడానికి ఇంక పనులేమీ మిగల్లేదు. పాతాళం దాకా వెళ్లొచ్చాడు, అంతకంటే కష్టమైనది ఎవరు పెట్టగలరు? చేసిన మంచి ఏదీ ఈ ఘోరాన్ని ఆపలేదు. యురిపిడీస్ మనకు ఊరటనిచ్చే ఆ మెట్టును లాగేసి, ఇప్పుడు ఈ మనిషి ఎలా బతకాలి అని అడుగుతున్నాడు.

మేలుకున్న హెరాక్లీస్‌కు తండ్రే నిజం చెబుతాడు. చచ్చిపోవాలనుకుంటాడు. అప్పుడు ఏథెన్స్ రాజు థీసియస్ వస్తాడు, పాతాళంలో చిక్కుకుపోయిన అతన్ని హెరాక్లీసే విడిపించి తెచ్చాడు. స్నేహితుణ్ణి చూసి హెరాక్లీస్ తల మీద బట్ట కప్పేసుకుంటాడు, తన మైల అతనికి అంటుకుంటుందని, చేతులు ఊపి పొమ్మంటాడు. స్నేహితుల నుంచి స్నేహితులకు ఏ శాపమూ అంటదని థీసియస్ అంటాడు. మేలు పొంది కాలం గడిస్తే మరిచిపోయేవాళ్లంటే తనకు అసహ్యమని, మంచిలో పాలు పంచుకుని కష్టంలో తప్పుకునేవాళ్లన్నా అంతేనని చెప్పి, ముఖం మీద బట్ట తీయిస్తాడు.

తర్వాత వాళ్లిద్దరి మధ్య సాగే మాటలు నేను ఎప్పుడు చదివినా ఆగి ఆలోచిస్తాను. దేవుళ్లు కూడా తప్పులు చేశారు, తండ్రుల్ని బంధించారు, అయినా పైలోకంలో బతుకుతూనే ఉన్నారు, మనిషివి నీకేమిటి అని థీసియస్ వాదిస్తాడు. హెరాక్లీస్ ఆ వాదన ఒప్పుకోడు, అవన్నీ కవులు అల్లిన పాడు కథలు, నిజమైన దేవుడికి ఏ లోటూ ఉండదు అంటాడు. వాదనలో థీసియస్ ఓడిపోయాడు. కానీ హెరాక్లీస్ బతకడానికే నిర్ణయించుకుంటాడు, చచ్చిపోతే పిరికితనం అనిపించుకుంటుందని, బతుకును భరిస్తానని. స్నేహితుడి తర్కం పనిచేయలేదు, అతను వచ్చి పక్కన నిలబడటం పనిచేసింది. దెబ్బతిన్న మనిషి దగ్గరకు వెళ్లేటప్పుడు ఏం చెప్పాలో తెలియక ఆగిపోయేవాళ్లు ఈ ఘట్టం చదవాలి. థీసియస్ ఇంకా చేసినదేమిటంటే, ఏథెన్స్ రా, నీ చేతుల మైల కడిగిస్తాను, నాకిచ్చిన భూమిలో నీకు వాటా ఇస్తాను అన్నాడు. మాట సాయం చేసి ఊరుకోకుండా ఉండటానికి చోటు చూపించాడు.

ఇంకో చిన్న విషయం. సెర్బరస్‌ను యూరిస్థియస్‌కు అప్పగించడం ఇంకా మిగిలింది. దానికి తోడు రమ్మని హెరాక్లీస్ థీసియస్‌ను అడుగుతాడు, పిల్లల దుఃఖంతో దారిలో ఒంటరిగా ఉంటే నాకేమైనా జరగొచ్చు అంటాడు. లోకంలో అందరికంటే బలవంతుడు ఈ మాట నోరు తెరిచి అడుగుతున్నాడు. విల్లు దగ్గర కూడా తటపటాయిస్తాడు, ఈ విల్లు పక్కన తగిలినప్పుడల్లా, మాతోనే నీ పిల్లల్ని చంపావు అంటుంది కదా అని. పారేస్తే శత్రువులకు దొరికిపోతాడు, కాబట్టి ఏడుస్తూనే భుజాన వేసుకుంటాడు. నీ బట్టలకు నెత్తురంటుతుంది జాగ్రత్త అంటే, తుడుచుకో, నాకేం ఫర్వాలేదు అని థీసియస్ అతని చేతిని తన మెడ చుట్టూ వేసుకుంటాడు. ఓడ వెనక కట్టిన పడవలా నిన్ను అనుసరిస్తాను అంటాడు హెరాక్లీస్, కాసేపటి క్రితం పిల్లల గురించి వాడిన పోలికే. మంచి స్నేహితుల కంటే డబ్బూ బలమూ కావాలనుకునేవాడికి బుద్ధి సరిగా లేదని కూడా చెప్పి వెళ్తాడు.

మరి విజయగాథల హెరాక్లీస్ ఎక్కడి నుంచి వచ్చాడు? అదీ పాతదే. సోక్రటీస్ కాలంలోనే ప్రొడికస్ అనే పండితుడు ఒక నీతికథ చెప్పాడు, సోక్రటీస్ శిష్యుడు జెనోఫన్ దాన్ని రాసిపెట్టాడు. యవ్వనంలోకి వస్తున్న హెరాక్లీస్ రెండు దారుల దగ్గర కూర్చుని ఆలోచిస్తుంటే ఇద్దరు స్త్రీలు వచ్చి, ఒకరు సుఖాన్నీ ఇంకొకరు కష్టపడి సాధించే మంచినీ చూపిస్తారు. చక్కటి కథే, యూరప్ చిత్రకారులు శతాబ్దాల పాటు గీశారు. అయితే అందులో ఎంపిక జీవితం మొదట్లో, చేతులు శుభ్రంగా ఉన్నప్పుడు జరుగుతుంది. మనలో చాలామందికి దారి ఎంచుకోవాల్సిన అవసరం సగం జీవితం అయ్యాక, కొన్ని పాడుచేసుకున్న తర్వాతే వస్తుంది, అక్కడ ప్రొడికస్ కథ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

ప్రాయశ్చిత్తం చేసుకున్నాక మనిషి మారిపోతాడన్న హామీ కూడా అపోలోడోరస్ కథనంలో లేదు. పనులన్నీ అయ్యాక హెరాక్లీస్ మళ్లీ పెళ్లి చేసుకుందామని యూరిటస్ రాజు పెట్టిన విలువిద్య పోటీలో గెలిచాడు, బహుమతి రాజు కూతురు ఐయోల్. రాజు ఇవ్వనన్నాడు, ఈమెకు పిల్లలు పుడితే వాళ్లనూ చంపేస్తాడేమోనని భయం. మాట తప్పడం తప్పే, కానీ కూతురున్న తండ్రిగా ఆ భయాన్ని కొట్టిపారేయలేం. రాజు పెద్ద కొడుకు ఇఫిటస్ ఒక్కడే హెరాక్లీస్ పక్షం మాట్లాడాడు. కొంతకాలానికి మళ్లీ పిచ్చి కమ్మి, ఆ ఇఫిటస్‌నే టిరిన్స్ కోట గోడల మీద నుంచి తోసేశాడు. హోమర్ అయితే పిచ్చి సాకు కూడా ఇవ్వడు, ఇంటికొచ్చిన అతిథిని గుర్రాల కోసం చంపాడని ఒడిస్సీలో సూటిగా అంటాడు. ఈసారి డెల్ఫీ పూజారిణి సమాధానమే ఇవ్వకపోతే గుడిలోని పీఠం ఎత్తుకుపోబోయి అపోలోతోనే కలబడ్డాడు. చివరికి శిక్ష పడింది: లిడియా రాణి ఓంఫలీకి బానిసగా అమ్ముడుపోయి మూడేళ్లు సేవ చేయాలి, ఆ డబ్బు చనిపోయినవాడి తండ్రికి ఇవ్వాలి. డబ్బు తీసుకెళ్తే యూరిటస్ పుచ్చుకోలేదు. క్షమించమని అడగడం మన చేతిలో ఉంటుంది, క్షమించడం అవతలివాళ్ల ఇష్టం, దానికోసం వాళ్లను బలవంతపెట్టే హక్కు మనకు లేదు. పగ పెంచుకున్న హెరాక్లీస్ తర్వాత ఆ నగరం మీద దండెత్తి యూరిటస్‌ను చంపి, ఐయోల్‌ను ఎత్తుకొచ్చాడు. అక్కడే అతని చావు మొదలైంది.

ఆ చావు వెనక హైడ్రా ఉంది. రెండో పని ముగిసినప్పుడు దాని పిత్తంలో బాణాలు ముంచుకున్నాడు, అక్కడి నుంచి అతని బాణానికి తిరుగులేదు. ఆ విషం శత్రువులతో ఆగలేదు, మంచివాళ్లనూ తాకింది. తనకు ఆతిథ్యమిచ్చిన ఫోలస్ అనే సెంటార్ (సగం మనిషి, సగం గుర్రం) ఆ బాణం చేతిలోకి తీసుకుని చూస్తుంటే కాలి మీద పడి చచ్చిపోయాడు. జ్ఞాని అయిన ఇంకో సెంటార్ కైరాన్‌కు పొరపాటున తగిలి, చావలేక బాధ భరించలేక తన అమరత్వాన్నే వదులుకున్నాడు. తర్వాత ఈవెనస్ నది దగ్గర రెండో భార్య డెయానీరాను దాటిస్తూ చెరచబోయిన నెస్సస్ అనే సెంటార్‌ను హెరాక్లీస్ అదే బాణంతో కొట్టాడు. నెస్సస్ చస్తూ, నా నెత్తురు దాచుకో, నీ భర్త మనసు ఇంకొకరి మీదకు పోతే పనికొస్తుంది అని ఆమెకు చెప్పాడు. ఐయోల్ ఇంటికొచ్చిన రోజు డెయానీరా ఆ నెత్తురు పూసిన అంగీ భర్తకు పంపింది. సోఫోక్లీస్ నాటకంలో, ఆమె నెత్తురు పూయడానికి వాడిన ఉన్ని పోగు ఎండ తగిలి పొడిపొడిగా రాలిపోతుంటే చూసి, ఏం చేశానో అని గ్రహిస్తుంది. అప్పటికి అంగీ వెళ్లిపోయింది. ఆమె పొడుచుకుని చనిపోతుంది. హెరాక్లీస్ ఒంటికి అంగీ అతుక్కుని చర్మం కాలిపోతుంది. బతికున్నవాడెవడూ నిన్ను చంపలేడని తండ్రి చెప్పిన జోస్యం ఎలా నిజమైందో అతనికి అప్పుడు తెలుస్తుంది, చచ్చిపోయినవాడు చంపాడు.

డెయానీరాను అసూయపరురాలు అని తేల్చేసే చెప్పరులు చాలామంది ఉన్నారు, సోఫోక్లీస్ ఆ మాట అనడు. ఆమె ఐయోల్‌ను చూసి జాలిపడింది, భర్త మీద కోపం తెచ్చుకోలేదు, తన ఇల్లు నిలబెట్టుకోవాలనుకుంది. ఎప్పుడో ఒక గెలుపు కోసం వాడిన విషం ఎన్ని చేతులు మారి ఎవరింటికి చేరుతుందో ఆమెకే కాదు, ముంచినవాడికీ తెలియదు.

ఓయ్టా కొండ మీద చితి పేర్పించుకున్నాడు. నిప్పు పెట్టడానికి ఎవరికీ చేయి రాలేదు, కన్నకొడుకు హిల్లస్ కట్టెలు పేరుస్తాను గానీ నా చేత్తో అంటించలేనన్నాడు. ఆ పని ఫిలోక్టెటీస్ చేశాడు, బదులుగా హెరాక్లీస్ తన విల్లు, బాణాలు అతనికిచ్చాడు. చితి మీద మనిషి భాగం కాలిపోయి మిగిలినది దేవతల్లో కలిసిందని, హీరాతో రాజీ కుదిరి ఆమె కూతురు హీబీని పెళ్లాడాడని అంటారు.

ఆ విల్లు కథ ఇంకా ఉంది. ట్రాయ్ యుద్ధానికి వెళ్తూ ఫిలోక్టెటీస్ పాము కాటు తిన్నాడు, పుండు వాసన భరించలేక తోటి గ్రీకులే అతన్ని లెమ్నోస్ దీవిలో పదేళ్ల పాటు వదిలేశారు. ఆ విల్లు లేకపోతే ట్రాయ్ పడదని తెలిసి మళ్లీ వచ్చారు. సోఫోక్లీస్ క్రీ.పూ. 409లో ప్రదర్శించిన నాటకంలో మోసం పనిచేయదు, అకిలీస్ కొడుకు నియోప్టోలెమస్ మనస్ఫూర్తిగా బతిమాలినా ఫిలోక్టెటీస్ కదలడు, తనను పారేసినవాళ్లకు సాయం చేయనంటాడు. అప్పుడు దేవుడైన హెరాక్లీస్ పైన కనిపించి, ముందు తను పడిన పాట్లు గుర్తుచేసి, నువ్వు లేకుండా ఈ కుర్రాడు ట్రాయ్ గెలవలేడు, ఇతను లేకుండా నువ్వూ గెలవలేవు, జంట సింహాల్లా ఒకర్నొకరు కాచుకోండి అని చెబుతాడు. ఇన్నేళ్లుగా ఎవరి మాటా వినని ఫిలోక్టెటీస్ ఈ మాట కాదనలేక ప్రయాణానికి సిద్ధమవుతాడు.